ఎంత దూరం నుంచి

బస్టాండులో ఆమెను అందరూ మైకమ్మ అంటారు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. ఇరవై రెండేళ్ళుగా మేడ మీది అద్దాల గదిలో కూర్చుని "ప్రయాణికులకు గమనిక" అంటూ మొదలుపెట్టే గొంతు ఆమెదే. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తోందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్ల తప్పిపోయి విచారణ కౌంటరు మీదెక్కి కూర్చుందో, అన్నీ ఆమే చెప్పాలి. ఏది చెప్పినా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి జనం తలలెత్తడానికి, రెండోసారి వాళ్ళకి అర్థం కావడానికి. అది అక్కడి నియమం.

ఇక ఆ గొంతు సంగతి. మైకును మూరెడు దూరంలో పెట్టుకుని, దాంతో ఏదో పాత పగ ఉన్నట్టు అరిచేది. కరెంటు పోయినా మా ప్రకటనలు ఆగవని కంట్రోలరు గొప్పలు పోయేవాడు. ఒకసారి నిజంగానే కరెంటు పోయింది. ప్రకటన ఆగలేదు. ఎనిమిదో ప్లాట్‌ఫారం దాకా స్పష్టంగా వినపడిందట.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. ఎంత అరిచినా మర్యాదగానే అరిచేది. "దయచేసి" అనేది, "గమనించగలరు" అనేది, బస్సు ఆలస్యమైతే తనే ఆపేసినట్టు "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనేది. ఆ మూడు మాటలూ డ్యూటీ దిగగానే అక్కడే డ్రాయరులో పెట్టి తాళం వేసి వచ్చేది కాబోలు, ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఇంట్లో ఉన్నది నలుగురు. భర్త గ్రంథాలయంలో గుమాస్తా. ఆయన జీవితంలో చేసిన పెద్ద చప్పుడు తుమ్మే, అదీ రుమాలు అడ్డం పెట్టుకుని. కూతురు కాలేజీలో చదువుతోంది, తెలివితేటలకు లోటు లేదు, భయభక్తులకే లోటు. వీధివైపు గదిలో, కిటికీ పక్కన మంచం మీద అత్తగారు. ఆవిడకు కళ్ళలో శుక్లాలు, ఆపరేషన్ తేదీ ఇంకా ఇవ్వలేదు. మోకాళ్ళు అరిగాయి. పైగా చెవుడు. కనీసం మైకమ్మ లెక్కలో చెవుడే.

వంటిల్లు ఇంటికి వెనక. అక్కడి నుంచి అత్తగారి గదికి పధ్నాలుగు అడుగులు. రోజూ జరిగే భాగోతం ఇది.

"అత్తయ్యా, టీ తాగుతారా?"

"ఆఁ?"

"టీ! టీ తాగుతారా అని!"

"ఆఁ?"

అప్పుడు మైకమ్మ పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుంటూ, దారిలో అడ్డొచ్చిన కుర్చీని కూడా నాలుగు తిట్టి, ఆ గదిలోకి వెళ్ళి, మంచం దగ్గర వంగి చెవిలో అరిచేది. అత్తగారు తీరిగ్గా విని, "టీయా? ఇప్పుడెందుకులే" అనేది. ఇలా రోజుకు ఎన్నిసార్లో. బస్టాండులో ఎనిమిది గంటలు, ఇంట్లో మిగతా గంటలు. ఇనుప గొంతైనా ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది?

ఒకరోజు ఉదయం, మైకులో "ప్రయాణికులకు గమ" దాకా వచ్చి ఆగిపోయింది. కింద నాలుగొందల మంది 'నిక' కోసం తలలెత్తి చూశారు. రాలేదు. మైకమ్మ నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. గాలి తప్ప ఇంకేమీ బయటికి రాలేదు.

గొంతు డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, అరచేతుల్లో కాయలు కాసినట్టు గొంతు తీగల మీద చెరో కాయ కాసిందన్నాడు. నెల రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు. "తర్వాత మాట్లాడొచ్చు. కానీ మాట్లాడే పద్ధతి మారకపోతే ఇవి మళ్ళీ వస్తాయమ్మా. అప్పుడిక మైకు సంగతి మర్చిపోవాలి" అన్నాడు.

కంట్రోలరు సానుభూతి చూపించి, ఆ చేత్తోనే ఒక రికార్డింగు యంత్రం తెప్పించి ఆమె కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ యంత్రానికి ఊపిరితో పని లేదు గనక ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. "ఆరో ప్లాట్‌ఫారం మీదికి వచ్చి" అని ఆగి, బస్సు వెళ్ళిపోయాక "ఉన్నది" అనేది. అయినా పైవాళ్ళకు నచ్చింది. ముప్ఫయ్యో రోజు సాయంత్రం నాలుగింటికి మైకమ్మకు పరీక్ష పెడతారు. పది ప్రకటనలు, ఒక్కోటి రెండుసార్లు, మొత్తం ఎనిమిది నిమిషాలు. నెగ్గితే కుర్చీ ఆమెది. లేదంటే యంత్రానిది, ఆమెకు పోయిన సామాన్ల గది. ఆ గదిలో జనం మర్చిపోయిన గొడుగులూ, ఒంటి చెప్పులూ తప్ప పలకరించే దిక్కుండదు.

డాక్టరు ఆమెను మాటల శిక్షణ ఇచ్చే అమ్మాయి దగ్గరికి పంపాడు. పాతికేళ్ళు కూడా నిండినట్టు లేదు. ఆ పిల్ల ఒక గీతల పుస్తకం చేతిలో పెట్టి, "మాట్లాడాలనిపించిన ప్రతిదీ ఇందులో రాయండి" అంది. నాలుగు గళ్ళు గీసింది. ఏ మాట. ఎవరితో. ఎంత దూరం నుంచి. ఎంత గట్టిగా, పదికి ఎంత. "రోజూ పడుకునేముందు ఒకసారి చదువుకోండి. మీ గురించి మీకే చాలా తెలుస్తుంది."

నా గురించి నాకు తెలియడానికి నీ పుస్తకం కావాలా, బొడ్డూడని పిల్లా, అనుకుంది మైకమ్మ. డైరీలు రాసుకోవడం పనీపాటా లేనివాళ్ళ యవ్వారమని ఆమె గట్టి నమ్మకం. కానీ గొంతు లేదు కదా, ఆ మాట అనడానికైనా రాయాల్సిందే. బస్సెక్కగానే మొదటి గడిలో అదే రాసింది. ఎవరితో: మాటల పిల్లతో. ఎంత దూరం నుంచి: రెండు అడుగులు. ఎంత గట్టిగా: నాలుగు.

మొదటి వారంలోనే పుస్తకం సగం నిండింది. మనిషి ఇంత మాట్లాడుతుందని ఆమెకే తెలియదు. *ఆ తడి తువ్వాలు మంచం మీద ఎవరు పడేశారు, ఈ ఇంట్లో నేను తప్ప మనుషులు లేరా.* భర్తతో, మూడు అడుగులు, ఆరు. *ఆ ఫోను అవతల పారేస్తాను.* కూతురుతో, రెండు అడుగులు, ఏడు. *అత్తయ్యా, ఆ కిటికీ మూయండి, దుమ్మంతా లోపలికే.* అత్తగారితో, పధ్నాలుగు, తొమ్మిది.

భర్త పుస్తకం తీసుకుని, గ్రంథాలయం అలవాటు కొద్దీ శ్రద్ధగా చదివి, పేజీ మడత పడకుండా తిరిగి ఇచ్చేవాడు. జవాబు మాత్రం ఇచ్చేవాడు కాదు. అత్తగారితోనే వచ్చింది చిక్కు. ఆవిడకు రాత కనపడదు. కనుక మైకమ్మ రాసింది కూతురు తీసుకెళ్ళి, నానమ్మ పక్కన మంచం మీద కూర్చుని చదివి వినిపించాలి.

చదివేది. ఎలా చదివేదని?

*పొద్దుణ్ణుంచి ఆ మంచం దిగలేదు, కాళ్ళు చచ్చుబడిపోతాయి, కాస్త లేచి తిరగమను* అని మైకమ్మ రాస్తే, "నానమ్మా, నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అమ్మ అడుగుతోంది. కాసేపు నాలుగడుగులు వేస్తే హాయిగా ఉంటుందట" అని చదివేది. *ఇంకో కప్పు టీ ఇస్తే నిద్ర పట్టలేదని నా ప్రాణం తీస్తుంది* అని రాస్తే, "టీ ఎక్కువ తాగితే నీకు నిద్ర పట్టదని అమ్మకి ఒకటే దిగులు" అని చదివేది. గుమ్మంలో నిలబడి మైకమ్మ చప్పట్లు కొట్టేది, తల అడ్డంగా ఊపేది, రెండు చేతులూ ఎత్తి పిల్లను శపించేది. కళ్ళు సరిగ్గా కనపడని అత్తగారికి ఆ నాట్యమంతా ఏం తెలుస్తుంది? "మీ అమ్మ చప్పట్లు కొడుతోందేమే, ఏదో సంతోషంగా ఉన్నట్టుంది" అనేది. కూతురు పెదవి కొరుక్కుని, "అవును నానమ్మా, చాలా సంతోషంగా ఉంది" అనేది.

పందొమ్మిదో రోజున మైకమ్మకు ఒక అనుమానం తగిలింది. కూతురు మామూలు గొంతుతో చదువుతోంది. ఒక్కసారే చదువుతోంది. మరి అత్తగారి "ఆఁ?" ఏమైంది? పందొమ్మిది రోజుల్లో ఒక్క "ఆఁ?" కూడా వినపడలేదే!

వెంటనే వంటింట్లోకి వెళ్ళి, బిస్కెట్ల డబ్బా అందుకుని, పిల్లి నడిచినంత మెల్లగా మూత తిప్పింది. పధ్నాలుగు అడుగుల అవతలి నుంచి కేక వచ్చింది.

"ఎవరే, బిస్కెట్లు తీస్తోంది? నాకు రెండు పట్రండి!"

అరికాలి మంట నెత్తికెక్కింది మైకమ్మకు. భర్త ముందు పుస్తకం దబ్బున పడేసి రాసింది. *మీ అమ్మకు చెవులు వినపడతాయి! బిస్కెట్ల డబ్బా మూత కూడా వినపడుతుంది!* గట్టిగా అన్న గడిలో, పదికి పదిహేను.

ఆయన చదివాడు. కళ్ళజోడు తీశాడు. "వినపడవని ఎవరన్నారు?"

ఆమె ఇంటి గోడలన్నీ చూపించింది, అందరూ అన్నారన్నట్టు.

"నువ్వే అనేదానివి. నేనెప్పుడైనా అన్నానా?" అని కళ్ళజోడు పెట్టుకుని పేపరు తిప్పాడాయన.

సరే, సాక్ష్యం లేకుండా గొడవకు దిగే రకం కాదు మైకమ్మ. ఇన్నేళ్ళు తనతో అరిపించి, గొంతు పోగొట్టి, కుర్చీలో యంత్రాన్ని కూర్చోబెట్టిన ఆ ముసలావిడను ఊరికే వదిలిపెడుతుందా? సాక్ష్యం చేతిలోనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పుస్తకం పరిచి, ఎర్ర కలం తీసి, అత్తగారి కోసం గొంతు ఎంత అరిగిందో లెక్కకట్టడానికి కూర్చుంది.

భర్తతో ఇరవై తొమ్మిది మాటలు. కూతురుతో యాభై రెండు. అత్తగారితో నూట ముప్ఫయి ఒకటి. చూశావా! ఎర్ర గీత. గట్టిగా: తొమ్మిది, తొమ్మిది, పది, తొమ్మిది. చూశావా చూశావా! ఎర్ర గీత, ఎర్ర గీత. అలా గీస్తూ గీస్తూ పోతున్న కలం మూడో గడి మీద ఆగింది.

పధ్నాలుగు. పధ్నాలుగు. పధ్నాలుగు. హాల్లో నుంచి తొమ్మిది. మళ్ళీ పధ్నాలుగు. పేజీ తిప్పింది. పధ్నాలుగు. ఇంకో పేజీ. ఒక రెండు కోసం వెతికింది, కనీసం ఒక మూడు కోసం వెతికింది. భర్త ఉన్నాడు రెండు అడుగుల్లో, కూతురు ఉంది, పక్కింటావిడ ఉంది, గిన్నెలు తోమే పీచు అమ్మేవాడు కూడా ఉన్నాడు. అత్తగారు లేదు. ఇరవై రోజులుగా ఆ గదిలోకి తను అడుగే పెట్టలేదు. కబురు మోయడానికి కూతురుంది, "ఆఁ?" అనే అవసరం అత్తగారికి లేదు, ఇక వెళ్ళే పనేముంది? అంతకుముందైనా ఎప్పుడు వెళ్ళింది? రెండో "ఆఁ?" తర్వాత. అదీ కుర్చీని తిట్టుకుంటూ.

సాక్ష్యం ఎవరి మీద తయారైందో ఆమెకు అర్థమైంది. ఒళ్ళు మండింది. ఎర్ర కలం మూత పెట్టి, పుస్తకం మూసి, మాటల పిల్లను మనసులో మరో నాలుగు తిట్టింది. అవి మాత్రం రాయలేదు.

ముప్ఫయ్యో రోజు పొద్దున్న ఆ పిల్ల ఎదుట నోరు తెరిచి, నెల తర్వాత మొదటి మాట పలికింది. ఏదో గొప్ప మాట అనాలని వారం నుంచి ఆలోచించి పెట్టుకుంది. తీరా వచ్చింది, "ప్రయాణికులకు గమనిక." ఇద్దరూ పడీపడీ నవ్వారు. గొంతు సన్నగా ఉంది, కానీ శుభ్రంగా ఉంది.

"ఇక్కడ మాట్లాడింది లెక్కలోకి రాదు" అంది ఆ పిల్ల. "బయటికెళ్ళాక ఇవాళ్టికి పది నిమిషాలు. అంతే. ఊఁ కొట్టినా లెక్కే. దాటితే నాలుగింటికి గొంతు బొంగురుపోతుంది, తర్వాత నన్ననొద్దు." పుస్తకం తిరగేసి, తలెత్తకుండా అడిగింది. "మీ అత్తగారి గది చాలా దూరమా మేడమ్?"

"పధ్నాలుగడుగులు" అంది మైకమ్మ. ఎందుకో తల దించుకుని అంది.

పదిలో ఎనిమిది పరీక్షకు పోతే రెండు మిగిలాయి. రెండు నిమిషాల్లో అత్తగారిని శుభ్రంగా దులపవచ్చు. బస్సులో కూర్చుని మాటలు కూర్చుకుంది. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు. భర్తా కూతురూ ఇంట్లో లేరు. మంచిదే అనుకుని తిన్నగా ఆ గదిలోకి నడిచింది. అరవకూడదు కదా, దగ్గరికి వెళ్ళక తప్పదు. మంచం అంచున కూర్చుంది.

"అత్తయ్యా, మీకు చెవులు వినపడతాయని నాకు తెలిసిపోయింది."

అత్తగారు ఉలిక్కిపడింది. "గొంతొచ్చిందా!" అని గాల్లో తడిమి కోడలి భుజం పట్టుకుంది. ఆ మొహం చింకి చేటంత అయింది. ఆ తర్వాత అసలు మాట బుర్రకెక్కినట్టుంది, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఇన్నేళ్ళూ నాతో అరిపించారు. నా గొంతు పోయింది. నా కుర్చీ పోయేలా ఉంది. ఏం పాపం చేశాను మీకు?"

ముసలావిడ దుప్పటి కొస మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. "మొదటిసారికే వినపడితే నువ్వొస్తావటే?"

మైకమ్మ చూపు గుమ్మం దాటి వంటింటి వైపు పోయింది.

"అక్కడి నుంచే అడుగుతావు. నేను ఊఁ అంటే అక్కడే ఉండిపోతావు. మూడోసారికి వస్తావు. తిట్టుకుంటూ వస్తావులే, తెలుసు. తిడితే తిట్టావు, వస్తావు కదా. వంగి చెవిలో చెప్తావు. నీ చేతులు సబ్బు వాసన వేస్తాయి. రోజంతా నా దగ్గరికి వచ్చే మనిషి ఇంకెవరున్నారే? ఆ వెధవ తల తిప్పడు, పేపరు తిప్పుతాడు." ఆవిడ దిండు సర్దుకుంది. "ఈ నెల నువ్వు అసలే రాలేదు. పిల్ల వచ్చి తీయతీయగా చదివేది, అమ్మ నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడుగుతోందని. నువ్వు అడగవని నాకు తెలీదా? దాని మొహం, అబద్ధమాడుతోందని తెలిసీ వినేదాన్ని. వినడానికి బాగుంది మరి."

మైకమ్మ చెయ్యి చాపి ఆ దుప్పటి కొస సరిచేసింది.

"నీ గొంతుకు ఇంత ముప్పొస్తుందని నాకేం తెలుసు? ముందే తెలిస్తే చెవిటిదాన్ని మానేసి ఇంకేదైనా అయ్యేదాన్ని" అని ముక్కు చీదింది అత్తగారు.

కూర్చుకొచ్చిన తిట్లన్నీ ఎటు పోయాయో పోయాయి. మైకమ్మ గడియారం వైపు చూసింది. తర్వాత చూడడం మానేసింది. "మోకాళ్ళు ఎలా ఉన్నాయి అత్తయ్యా?" అంది.

ఎలా ఉన్నాయో చెప్పడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. కుడిది ఒక కథ, ఎడమది ఇంకో కథ. మైకమ్మ ఊఁ కొట్టింది. అడిగింది. ఒకచోట నవ్వింది, ఇంకోచోట వాదించింది. లేచేసరికి తన లెక్కన అయిదు నిమిషాల గొంతు అయిపోయింది. మిగిలింది అయిదు. కావలసింది ఎనిమిది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని తనను తాను తిట్టుకుంది, మనసులోనే.

నాలుగింటికి అద్దాల గదిలో కంట్రోలరు, పైఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు, పక్క బల్ల మీద యంత్రం. మైకమ్మ కూర్చుంది. అలవాటు ప్రకారం మైకును మూరెడు దూరంలో పెట్టుకుని మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు బాగానే వెళ్ళాయి. ఆరో ప్రకటనలో గొంతు గరగరలాడింది. కంట్రోలరు కళ్ళు యంత్రం వైపు వెళ్ళాయి. ఆమెకు ఒంటి చెప్పులూ గొడుగులూ కళ్ళ ముందు కదిలాయి.

అరవడానికి గొంతు లేదు. మధ్యాహ్నం కూడా లేదు, అయినా అత్తగారి గదిలో చెప్పవలసిందంతా చెప్పింది కదా! మైకు మెడ పట్టుకుని తన దగ్గరికి వంచింది. పెదవులకు బెత్తెడు దూరం దాకా తెచ్చి, మంచం అంచున కూర్చున్నప్పటి గొంతుతో, ఏడో ప్రకటన చెప్పింది. అరవకుండా వినిపించడానికే ఆ పరికరాన్ని అక్కడ పెట్టారని ఆమెకు తెలియడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. ఎనిమిది. తొమ్మిది. పదోది ఆలస్యమైన బస్సు గురించి. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంటుంటే, చిత్రం, నిజంగానే చింత కలిగింది. కింద జనం తలలెత్తి చూశారు. ఒక ముసలాయన అయితే ఎవరో పక్కన చేరి చెప్పినట్టు అటూ ఇటూ వెతికాడు.

పైఆఫీసు ఇద్దరూ ఏవో సంతకాలు పెట్టారు. కంట్రోలరు వంగి యంత్రం ప్లగ్గు పీకేశాడు.

ఆరింటికి ఇల్లు చేరింది మైకమ్మ. నోట్లోంచి మాట వచ్చే ప్రశ్నే లేదు, ఈ రోజుకూ రేపటికీ ఉన్న గొంతంతా అయిపోయింది. హాల్లో భర్తా కూతురూ ఒకేసారి లేచారు. భర్త మొదటిసారి పేపరు కింద పెట్టాడు. చేత్తో ఆగమని వాళ్ళకు సైగ చేసి, హాలు దాటి, అత్తగారి గదిలోకి వెళ్ళి, మంచం అంచున కూర్చుంది.

"వచ్చావా? కుర్చీ వచ్చిందా?" అంది ముసలావిడ.

మైకమ్మ ఆవిడ చెయ్యి తీసుకుని గట్టిగా ఒక్కసారి నొక్కింది.

అత్తగారు మొహం పక్కకు తిప్పి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆఁ?"

మైకమ్మ రెండోసారి నొక్కింది.